జ్వరం పేరు తెలుసుకుందాం



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని అడిగినప్పుడు, మేము ఎమ్మెస్సీలో చదువుకున్న మైక్రోబయాలజీలో మన హాస్టల్‌కు నేరుగా పనికొచ్చే పాఠం ఏదని ఆలోచించాం. వెంటనే తట్టింది టైఫాయిడ్. వానలు మొదలయ్యాయంటే ఏదో ఒక గదిలో ఒకరు దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటారు. రెండు రోజులు చూస్తాం, మూడో రోజు మందుల షాపుకు వెళ్లి జ్వరం బిళ్లలు, వాటితో పాటు నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చుకుంటాం. జ్వరం తగ్గితే క్లాసుకు వెళ్తాం. తగ్గకపోతే ఒక ల్యాబులో రక్తం ఇస్తాం. వాళ్లిచ్చిన చీటీలో "విడాల్ పాజిటివ్" అని ఉంటే "నాకు టైఫాయిడ్" అని ఇంటికి ఫోన్ చేస్తాం.

మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనమే. ఆ చీటీ చదివి అర్థం చెప్పేవాళ్లు మన వెనక ఎవరూ లేరు. మనమే చదువుకోవాలి, ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు మనమే చెప్పాలి. అందుకే ఈ పాఠం. దీని సారం ఒక్క మాటలో చెప్పాలంటే, ముందు జ్వరం పేరు తెలుసుకోవాలి, ఆ తర్వాతే మందు.

ఎవరీ క్రిమి?

టైఫాయిడ్‌ను కలిగించేది సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియా. కడ్డీ ఆకారంలో ఉంటుంది, ఒంటి చుట్టూ ఉన్న కశాభాలతో ఈదుతుంది. 1880లో జర్మనీకి చెందిన ఎబెర్త్ దీనిని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1884లో గాఫ్కీ దీనిని ప్రయోగశాలలో పెంచి చూపించాడు. 2001లో దీని పూర్తి జన్యుపటం వెలువడింది. అందులో సుమారు 48 లక్షల డీఎన్ఏ అక్షరాలున్నాయి. 200కు పైగా జన్యువులు చెడిపోయి పనిచేయకుండా ఉన్నాయి. ఎన్నో జంతువుల్లో బతికే సాల్మొనెల్లా కుటుంబంలో పుట్టినా, ఇది మనిషిలో మాత్రమే బతకడానికి అలవాటు పడింది. ఈ మార్పులో ఆ చెడిపోయిన జన్యువులకూ పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. కుక్క నుంచి గానీ, కోడి నుంచి గానీ, దోమ నుంచి గానీ టైఫాయిడ్ రాదు. ఒక మనిషి మలంలో నుంచి బయటికి వచ్చిన క్రిమి నీళ్ల ద్వారానో, చేతుల ద్వారానో, తిండి ద్వారానో ఇంకొక మనిషి నోట్లోకి చేరితేనే ఈ జబ్బు వస్తుంది. అంటే టైఫాయిడ్ వచ్చిన ప్రతిచోటా మురుగుకూ మంచినీటికీ మధ్య ఎక్కడో ఒక గోడ కూలిందని అర్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో సుమారు 90 లక్షల మందికి టైఫాయిడ్ వచ్చింది, 1 లక్షా 10 వేల మంది చనిపోయారు. వీరిలో ఎక్కువమంది దక్షిణాసియా, ఆఫ్రికా దేశాల వాళ్లే.

ఒంట్లో వారం వారం ఏం జరుగుతుంది?

క్రిమి నోట్లోకి వెళ్లిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా అది పేగు గోడను దాటి, మన రక్షక కణాలలోనే దాక్కుని, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలలో పెరుగుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి వస్తుంది. అప్పుడు జ్వరం మొదలవుతుంది.

మొదటి వారం జ్వరం రోజురోజుకూ మెట్లెక్కినట్టు పెరుగుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నాలుక మీద తెల్లటి పూత, కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనాలు ఉంటాయి. రెండో వారం మనిషి నీరసించి మంచం పడతాడు, కడుపు ఉబ్బుతుంది. చికిత్స సరిగా అందకపోతే మూడో వారం ప్రమాదం. పేగులో పుండ్లు పడి రక్తం కారవచ్చు, పేగుకు రంధ్రం పడవచ్చు. యాంటీబయాటిక్ మందులు లేని రోజుల్లో ఈ జ్వరం మూడు నాలుగు వారాలు సాగేది. మన హైదరాబాదు పాతబస్తీ పెద్దలు దీన్ని "మియాదీ బుఖార్" అనడం అందుకే. మియాద్ అంటే గడువు. గడువు తీరితే గానీ దిగని జ్వరమన్న మాట. ఆ రోజుల్లో ఈ జబ్బు పడిన ప్రతి పదిమందిలో ఒకరికి, కొన్నిచోట్ల ఇద్దరికి పైగా ప్రాణం పోయేది. సరైన మందు సకాలంలో పడితే ఇప్పుడు నూటికి ఒక్కరు కూడా పోరు.

మా బ్యాచ్ మిత్రుడొకడు డిగ్రీ రెండో ఏడాదిలో జ్వరంతోనే దసరా సెలవులకు ఊరికి వెళ్లాడు. మందుల షాపులో కొన్న బిళ్లలు రెండు విడతలుగా మింగాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మూడో వారం కడుపు చెక్కలా బిగుసుకుపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. పేగుకు రంధ్రం పడిందని రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. బతికాడు. కానీ ఆ ఏడాది పరీక్షలు పోయాయి, స్కాలర్‌షిప్ ఆగింది, వాళ్ల నాన్న చేసిన అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. మనలాంటి ఇళ్లలో ఒక జ్వరం ఖరీదు అంత.

విడాల్ చీటీ ఏం చెబుతుంది?

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను ప్రవేశపెట్టాడు. నూరేళ్లు దాటినా మన అబిడ్స్, నాంపల్లి, కోఠి వీధుల్లోని చిన్న ల్యాబులలో జ్వరం అనగానే చేసే పరీక్ష ఇదే.

దీని సూత్రం తేలిక. క్రిమి ఒంట్లోకి వచ్చినప్పుడు మన శరీరం దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేస్తుంది. రోగి రక్తం నుంచి తీసిన సీరంలో చనిపోయిన టైఫాయిడ్ క్రిములను కలిపితే, యాంటీబాడీలు ఉన్నట్లయితే క్రిములు గుంపులుగా అతుక్కుంటాయి. క్రిమి ఒంటి మీది పదార్థాన్ని "ఓ" అనీ, కశాభాల మీది పదార్థాన్ని "హెచ్" అనీ అంటారు. సీరాన్ని ఎంత పలుచన చేసినా అతుక్కుంటుంటే అన్ని యాంటీబాడీలు ఉన్నట్టు. చీటీలో కనిపించే 1:80, 1:160 అంకెలు ఆ పలుచననే చెబుతాయి.

మరి చిక్కు ఎక్కడ? మూడు చోట్ల.

మొదటిది, యాంటీబాడీలు పెరగడానికి వారం పది రోజులు పడుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజున పరీక్ష చేయిస్తే నిజంగా టైఫాయిడ్ ఉన్నా "నెగెటివ్" రావచ్చు.

రెండోది, యాంటీబాడీ పాత జ్ఞాపకం లాంటిది. రెండేళ్ల కింద వచ్చిన టైఫాయిడ్ వల్లనో, తెలియకుండా వచ్చి పోయిన ఇన్ఫెక్షన్ వల్లనో మన ఒంట్లో అవి మిగిలి ఉండవచ్చు. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మన ఊళ్లలో ఏ జ్వరమూ లేని ఆరోగ్యవంతులకు చేసినా కొందరికి 1:80 వస్తుంది.

మూడోది, సాల్మొనెల్లా కుటుంబంలోని ఇతర క్రిములు, మలేరియా, డెంగీ లాంటి జ్వరాలు కూడా ఒక్కోసారి ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి.

మూడోదే మనకు అన్నిటికంటే ప్రమాదం. వానాకాలంలో హైదరాబాదులో డెంగీ తిరుగుతుంది. డెంగీ వచ్చిన కుర్రవాడి చీటీలో విడాల్ పాజిటివ్ అని వస్తే, వాడు టైఫాయిడ్ మందులు మింగుతూ కూర్చుంటాడు. అసలు గమనించవలసిన ప్లేట్‌లెట్లు, రక్తస్రావం, కడుపునొప్పి పట్టించుకునేవాళ్లు ఉండరు. చీటీ అబద్ధం చెప్పిందని కాదు. చీటీ చెప్పగలిగిన దానికంటే ఎక్కువ మనం అందులో చదివాం, అంతే. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి అంకె నాలుగు రెట్లు పెరిగిందని తేలితే విడాల్‌కు కొంత విలువ ఉంటుంది. ఒక్కసారి చేసిన విడాల్ ఒక్కటే చూసి టైఫాయిడ్ అని తేల్చకూడదు.

బ్లడ్ కల్చర్: ల్యాబులో ఐదు రోజులు

టైఫాయిడ్‌ను నమ్మకంగా పట్టేది బ్లడ్ కల్చర్. యాంటీబాడీ అనే నీడను కాకుండా, క్రిమినే పట్టుకునే పరీక్ష ఇది.

ల్యాబులో జరిగేది ఇదీ. పెద్దవారి నుంచి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. "అంత రక్తమా?" అని మనవాళ్లు భయపడతారు. కారణం ఉంది. టైఫాయిడ్ రోగి రక్తంలో క్రిములు చాలా తక్కువ. ఒక మిల్లీలీటరులో చాలాసార్లు ఒక్క క్రిమి కూడా ఉండదు. రెండు చుక్కలు తీస్తే దొరకదు. ఆ రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో కలిపి 37 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో ఉంచుతారు. ద్రవం పలుచన చేయడం వల్ల రక్తంలోని క్రిమిసంహారక గుణం తగ్గి, ఉన్న ఒకటి రెండు క్రిములు పెరుగుతాయి. పెద్ద ల్యాబుల్లో యంత్రాలే క్రిముల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను గమనించి చెబుతాయి. ఐదు రోజుల నుంచి వారం దాకా చూసి, ఏమీ పెరగకపోతేనే నెగెటివ్ అంటారు.

సీసాలో పెరుగుదల కనిపిస్తే దాన్ని మెకాంకీ అగార్ పళ్లెం మీద గీస్తారు. మన పేగులో మామూలుగా ఉండే ఈ-కోలి లాక్టోజు చక్కెరను వాడుకుని గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతుంది. టైఫాయిడ్ క్రిమి లాక్టోజును వాడుకోలేదు, అందుకని రంగులేని చుక్కలుగా వస్తుంది. తర్వాత మూడు చక్కెరల గొట్టంలో గుచ్చి చూస్తారు. అడుగు పసుపు, పైభాగం ఎరుపు, మధ్యలో మీసకట్టులా సన్నటి నల్లగీత వస్తే మా మేడమ్‌లు "దొరికాడు" అనేవారు. చివరగా ప్రత్యేక సీరంతో కలిపి రూఢి చేస్తారు.

అక్కడితో ఆగరు. క్రిమిని ఇంకొక పళ్లెమంతా పరిచి, దాని మీద రకరకాల మందు బిళ్లలు చిన్న కాగితపు చుక్కల రూపంలో పెడతారు. మర్నాటికి ఏ చుక్క చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడిందో కొలుస్తారు. ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో తేలిపోతుంది. ఈ సంగతి విడాల్ ఎన్నటికీ చెప్పలేదు.

బ్లడ్ కల్చర్‌కూ లోపాలున్నాయి. ఉన్న కేసుల్లో నూటికి అరవై దాకానే పట్టగలదు. ఎముక మజ్జ కల్చర్ 80 శాతానికి పైగా పడుతుంది గాని, దానికి ఎముకలోకి సూది గుచ్చాలి కనుక అందరికీ చేయరు. యాంటీబయాటిక్ ఒకటి రెండు మోతాదులు పడినా రక్తంలోని ఆ కొద్దిపాటి క్రిములు అణగిపోతాయి, కల్చర్‌లో ఏమీ రాదు. అందుకే ముందు రక్తం ఇచ్చి, తర్వాత మందు మొదలుపెట్టాలి. మొదటి వారంలోనే ఇవ్వాలి.

డీఎన్ఏ ద్వారా క్రిమిని గుర్తించే పీసీఆర్ పరీక్ష ఉంది కదా అని మీలో సైన్సు విద్యార్థులు అడగవచ్చు. డీఎన్ఏ పరీక్షలు మన నాంపల్లికి కొత్తకాదు. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రమైన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌కు వెళ్లకముందు చాలా ఏళ్లు నాంపల్లిలోనే ఉండేది. అయితే టైఫాయిడ్ విషయంలో పీసీఆర్‌కు కూడా అదే కష్టం. రక్తంలో క్రిములే తక్కువైతే, వాటి డీఎన్ఏ ఇంకెంత దొరుకుతుంది? వేగంగా, చవకగా, నమ్మకంగా టైఫాయిడ్‌ను పట్టే పరీక్ష కోసం ప్రపంచమంతా ఇంకా వెతుకుతోంది. మీలో ఎవరైనా రేపు పరిశోధనకు వెళితే ఇదొక మంచి అంశం.

రెండు హైదరాబాదుల కథ

1948లో క్లోరాంఫెనికాల్ అనే మందు టైఫాయిడ్‌కు పనిచేస్తుందని తేలింది. నాలుగు వారాల జ్వరం కొద్ది రోజుల్లో దిగిపోయింది. అందరూ గెలిచామనుకున్నారు. 1972లో మెక్సికోలోనూ, మన కేరళలోని కోజికోడ్‌లోనూ ఆ మందుకు లొంగని టైఫాయిడ్ కనిపించింది. 1980ల చివరికి క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమోక్సజోల్ మూడింటికీ లొంగనివి వచ్చాయి. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌ను పట్టుకున్నాం. 1990ల నుంచి అదీ పట్టు కోల్పోతూ వచ్చింది. ఇప్పుడు మన దేశంలో డాక్టర్లు ఎక్కువగా ఆధారపడేది సెఫ్‌ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్ లాంటి కొద్ది మందుల మీద.

2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ పెద్దఎత్తున బయటపడింది. అది మొదలైన నగరం పేరు కూడా హైదరాబాదే. అక్కడి క్రిమి జన్యువులను చదివితే తెలిసిందేమిటంటే, అప్పటికే మొండికేసిన టైఫాయిడ్ క్రిమి, ఇతర పేగు బాక్టీరియా దగ్గర ఉండే ఒక ప్లాస్మిడ్‌ను సంపాదించుకుంది. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే చిన్న డీఎన్ఏ చుట్ట. పరీక్ష హాల్లో చీటీ అందించుకున్నట్టే. నోటితో మింగే మందులలో అక్కడి డాక్టర్లకు మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే.

ఆ హైదరాబాదుకు 2018లో సాయం వెళ్లింది మన హైదరాబాదు నుంచి. మన జీనోమ్ వ్యాలీలో తయారైన టైఫాయిడ్ టీకాను అక్కడ 2 లక్షలకు పైగా పిల్లలకు వేశారు. మొండి టైఫాయిడ్‌ను కూడా ఆ టీకా బలంగా అడ్డుకుందని తర్వాత చేసిన అధ్యయనంలో తేలింది. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ రకం టీకాను జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చిన మొదటి దేశమైంది. క్రిమికి సరిహద్దు లేదు. విద్యకూ అంతే.

నాలుగు బిళ్లలు మింగి ఆపేసిన ప్రతిసారీ ఒంట్లోని బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలిపోతాయి. పైన చెప్పిన కథ అంతా ఇలాంటి కోట్ల బిళ్లల కథే.

టీకా: 1896 నుంచి జీనోమ్ వ్యాలీ దాకా

టైఫాయిడ్ టీకా విడాల్ పరీక్షంత పాతది. 1896లోనే ఇంగ్లండులో ఆల్మ్‌రోత్ రైట్, జర్మనీలో ఫైఫర్ చంపిన క్రిములతో టీకాలు చేశారు. తర్వాత వచ్చిన టీఏబీ సూది మన పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండవచ్చు. చెయ్యి వాచేది, జ్వరం వచ్చేది. తర్వాత బలహీనపరచిన బతికిన క్రిములతో మింగే గొట్టాలు వచ్చాయి.

టైఫాయిడ్ క్రిమి ఒంటి మీద "వి-ఐ" అనే చక్కెర పదార్థపు కోటు ఉంటుంది. ఆ కోటు వల్లనే అది మన రక్షక కణాల కంటపడకుండా తప్పించుకుంటుంది. కోటును వేరుచేసి దాన్నే టీకాగా ఇస్తే? అలా వచ్చిన టీకా పనిచేసింది గాని, రెండేళ్లలోపు పిల్లలలో సరిగా పనిచేయలేదు. పెద్దలలో కూడా మూడేళ్లకొకసారి మళ్లీ వేయాలి. శుద్ధమైన చక్కెర పదార్థాన్ని మన శరీరం చూస్తుంది గాని జ్ఞాపకం పెట్టుకోదు.

దీనికి ఉపాయం కాంజుగేట్ టీకా. చక్కెర కోటును ఒక ప్రోటీన్‌కు రసాయనికంగా అతికిస్తారు. ఒంటరిగా వచ్చిన కొత్త మనిషిని మరిచిపోతాం. బాగా తెలిసిన చుట్టం వెంట వస్తే గుర్తుంచుకుంటాం. ఇదీ అంతే. ప్రోటీన్‌ను గుర్తుపట్టే కణాలు సాయం వచ్చి, చక్కెర కోటు ముఖాన్ని కూడా శరీరానికి గుర్తుండేలా చేస్తాయి.

వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన శాస్త్రవేత్త కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించారు. ఆ సంస్థ చక్కెర కోటును ధనుర్వాత టాక్సాయిడ్‌కు అతికించి చేసిన టీకా 2013లో మన దేశంలో వచ్చింది. ఆక్స్‌ఫర్డులో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతులు టీకా వేయించుకుని, తర్వాత నిజమైన టైఫాయిడ్ క్రిములనే తాగి దీన్ని పరీక్షించారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాకు ముందస్తు అర్హత ఇచ్చింది. ఈ రకం టీకాలలో అది పొందిన మొదటిది ఇదే. తర్వాత నేపాల్‌లో 20 వేల మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో సుమారు 82 శాతం, మలావీలో 80 శాతానికి పైగా, బంగ్లాదేశ్‌లో 85 శాతం రక్షణ కనిపించింది. 2020లో హైదరాబాదుకే చెందిన బయలాజికల్-ఇ తయారుచేసిన ఇంకొక కాంజుగేట్ టీకాకు కూడా ఆ అర్హత దక్కింది.

ఈ టీకాను ఆరు నెలల పసిపిల్లల నుంచి 45 ఏళ్ల వారి దాకా ఒక్క డోసుగా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మన దేశంలో జాతీయ టీకా సలహా బృందం 2022లో దీన్ని సిఫారసు చేసింది. వేయించుకోదలచినవారు డాక్టరును అడగండి. ఒకటి మాత్రం మరవద్దు. ఇది పారాటైఫాయిడ్‌ను ఆపదు, కలరానూ కామెర్లనూ ఆపదు. టీకా ఉంది కదా అని నీళ్లను వదిలేయకూడదు.

నీళ్ల దగ్గరే మొదలు

1908 సెప్టెంబరులో రెండు సంగతులు జరిగాయి. మన మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. అదే నెలలో అమెరికాలోని జెర్సీ సిటీలో నగరమంతటికీ ఇచ్చే తాగునీటిలో నిరంతరం క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపిన నగరాల్లో టైఫాయిడ్ మరణాలు వేగంగా తగ్గిపోయాయి. అప్పటికి యాంటీబయాటిక్ మందులు లేవు. ఇక్కడ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి జలాశయాలు, మురుగు కాల్వల పథకం వేశారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. తర్వాత మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లూ వచ్చాయి.

అయినా జబ్బు ఎందుకు పోలేదు? నీళ్లు శుద్ధి కేంద్రంలో బాగానే ఉంటాయి. మన దగ్గరికి వచ్చే దారిలో చెడతాయి. పాత పైపులు మురుగు కాల్వల పక్కనుంచే వెళ్తాయి. నీళ్లు వదలని గంటలలో పైపులో ఒత్తిడి ఉండదు. పగులు ఉంటే బయటి మురుగును పైపే లోపలికి పీల్చుకుంటుంది. 2009 మే నెలలో ఇక్కడికి ఎంతో దూరం లేని భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. అది కలరా. దారి మాత్రం టైఫాయిడ్ దారే.

మన హాస్టల్లో మనం చేయవలసినవి

1. మూడు రోజులు దాటిన జ్వరానికి డాక్టరును కలవండి. బస్తీ దవాఖానాలో చూపించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. "యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ అవసరమా సార్?" అని అడగండి. డెంగీ, మలేరియా పరీక్షల గురించి కూడా అడగండి.

2. మందుల షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనవద్దు. డాక్టరు రాసినవి చెప్పినన్ని రోజులూ వాడండి. సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. రెండో రోజే మందు మార్చమని పట్టుబట్టవద్దు.

3. జ్వరంలో కడుపునొప్పి ఒక్కసారిగా పెరిగినా, నల్లటి విరేచనం అయినా, మాట తడబడినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగవద్దు.

4. సంపును, పైన ట్యాంకును తేదీ రాసిపెట్టుకుని కడిగించుకుందాం. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక గంట ఆగాలి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీటి మీద అనుమానం వస్తే వార్డెన్ సార్ ద్వారా నారాయణగూడ ఐపీఎంకు నమూనా పంపవచ్చు.

5. నాంపల్లి స్టేషన్ బయట చెరకురసం, నుమాయిష్‌లో కోసిపెట్టిన పండ్లు, ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు వెతికి అలసిపోయి తాగే సోడా మనకు ఇష్టమే. రసంలో వేసే ఐసుతో జాగ్రత్త. గడ్డకట్టినంత మాత్రాన క్రిమి చావదు. కళ్లముందు మరిగే చాయ్ మేలు.

6. మరుగుదొడ్ల దగ్గర, మెస్ దగ్గర సబ్బు ఎప్పుడూ ఉండాలి. జ్వరం తగ్గినవారిలో నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఏ బాధా లేకుండానే పిత్తాశయంలో క్రిమిని మోస్తుంటారు. న్యూయార్కులో మేరీ మలోన్ అనే వంటమనిషి అలాంటి మనిషే. 1907లో ఆమెను పట్టుకుని, మూడేళ్లకు వదిలి, 1915లో మళ్లీ నిర్బంధించారు. 1938లో చనిపోయేదాకా ఆమె ద్వీపంలో ఒంటరిగానే ఉంది. ఆమె జబ్బును చూసినవాళ్లు ఆమెను మనిషిగా చూడలేదు. మన మెస్‌లో వండిపెట్టే అమ్మలను అనుమానంగా చూడమని మేము చెప్పడం లేదు. వాళ్లకు సబ్బు, శుభ్రమైన నీళ్లు, ఉచితంగా వైద్య పరీక్ష, జ్వరం వస్తే జీతంతో సెలవు ఇప్పించమని అడగమంటున్నాం. అది వాళ్ల హక్కు, మన రక్షణ కూడా.

7. హాస్టల్ ఆఫీసులో ఒక జ్వరాల రిజిస్టరు పెడదాం. పేరు, గది నంబరు, జ్వరం మొదలైన తేదీ, చేయించిన పరీక్ష, వచ్చిన ఫలితం రాద్దాం. ఒకే వారంలో ఒకే వైపు గదుల నుంచి ముగ్గురి పేర్లు పడితే వెంటనే ట్యాంకు చూడాలి. నూరు పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. అంటువ్యాధుల శాస్త్రం మొదలయ్యేది ఇక్కడే.

వచ్చే వార్షికోత్సవానికి ఈ రిజిస్టరును తెరిచి, ఎన్ని జ్వరాలకు సరైన పేరు తెలిసిందో లెక్కపెట్టి ఇదే సంచికలో రాయవలసింది ఇప్పుడు మొదటి ఏడాది చదువుతున్న తమ్ముళ్లు. ఆ పనికి ఏ సహాయం కావాలన్నా మేమున్నాం. అందరూ ఆరోగ్యంగా ఉండి పరీక్షలు బాగా రాయాలని కోరుకుంటున్నాం.